గుండ్లకేరి మీద గాలి

పడవను తిప్పే ముందు చుక్కాని పట్టినవాడు "రెడీయా?" అని అడగాలి. మిగతావాళ్ళు ఒక్కొక్కరే "రెడీ" అని పలకాలి. అందరి నోటా మాట వచ్చాకే తిప్పాలి. ఎవరి కాలు తాడులో చిక్కుకుందో, ఎవరు ఏ పక్కకు ఒరిగి ఉన్నారో చూసుకోకుండా తిప్పితే తెరచాప కింది కర్ర ఒక్క ఊపున తిరిగి నెత్తి పగలగొడుతుంది. విరూపాక్షయ్య మాస్టరు మొదటి రోజు నేర్పింది ఇదే. ఆయన నేవీలో పనిచేసి రిటైరైన మనిషి. ఎండాకాలం సెలవుల్లో తుంగభద్ర డ్యాము వెనక నీళ్ళ మీద కాలేజీ పిల్లలకు తెరచాప పడవలు నేర్పే శిబిరం ఆయన చేతిమీదే నడిచేది.

అది ఎనభై మూడు జూన్. పడమటి గాలి మొదలైంది కాని ఎగువన మలెనాడు కొండల్లో పడే వానల నీళ్ళు ఇంకా డ్యాముకు చేరలేదు. నీళ్ళు బాగా వెనక్కిపోయి, గట్టుకూ నీళ్ళకూ మధ్య నెర్రెలిచ్చిన ఒండ్రుమట్టి మైదానంలా పరుచుకొని ఉంది.

రాజలక్ష్మి ఎక్కిన పడవలో నలుగురు. చుక్కాని రంగనాథది. బళ్ళారి బజారులో వాళ్ళది పత్తి వ్యాపారం. శిబిరానికి షామియానాలూ వంట సామానూ పంపింది వాళ్ళ నాన్న రాజగోపాలయ్యే కాబట్టి చుక్కాని ఎవరికని ఎవరూ అడగలేదు. పెద్ద తెరచాప తాడు రామాంజినేయులుది. కప్పగల్లు నుంచి సైకిలు మీద కాలేజీకి వచ్చే పిల్లవాడు. ఇంట్లో అందరూ కూలికి పోయేవాళ్ళు. ముందు చిన్న తెరచాప రాజలక్ష్మిది. నాలుగో మనిషి యంకమ్మ, సండూరు గనుల దగ్గర లారీ తోలే ఆయన కూతురు. పడవలోకి చిమ్మిన నీళ్ళు డబ్బాతో తోడి పోయడం, పడవ ఒరిగితే ఎదుటి అంచున కూర్చొని వెనక్కి వాలడం ఆమె పని.

రాజలక్ష్మిది సత్యనారాయణపేట. నాన్నకు బట్టల అంగడి. ఆడపిల్ల ఊరుగాని ఊళ్ళో డేరాలో పడుకోవడమేంటని ఆయన మొదట ఒప్పుకోలేదు. అమ్మ లక్ష్మీకాంతమ్మ చెప్పగా చెప్పగా, ఒక్క మాట కూడా బజారుకు రాకూడదన్న షరతు మీద పంపాడు.

మొదటి రోజుల్లో తాడు జారి అరిచేతులు కమిలిపోయాయి. రాత్రి కొబ్బరినూనె రాసుకొని పడుకుంటే పొద్దునకు వేళ్ళు ముడుచుకుని ఉండేవి. రంగనాథ అడగడం మరిచి తిప్పేవాడు. యంకమ్మ తప్పు పక్కకు దూకేది. మెల్లగా ఒకరి కదలిక ఒకరికి తెలియడం మొదలైంది. రామాంజినేయులు తాడును ఎప్పుడు బిగిస్తాడో అతని భుజం చూసి రాజలక్ష్మి కనిపెట్టేది. అతను తాడును లాగేవాడు కాదు, గాలి కాస్త తగ్గినప్పుడల్లా దొరికినంత తీసుకునేవాడు. అందువల్ల అతని చేతులు కమల్లేదు.

గట్టు నుంచి బయల్దేరి, దూరాన నీళ్ళ మీద తేలుతున్న నారింజరంగు పీపాను చుట్టి రావాలి. అదే పందెం దారి. పీపాకు తాడు కట్టి, తాడు చివర పెద్ద రాయి కట్టి అడుక్కు వేశారు. పైన ఒక ఎర్ర జెండా. ఆ పీపా దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ గాలి పడిపోయేది. చుట్టూ నీళ్ళు అలలు రేపుతూనే ఉండేవి. ఆ ఒక్క చోట మాత్రం నూనె పోసినట్టు నున్నగా ఉండేది. తెరచాప వేలాడేది. మిట్టమధ్యాహ్నపు ఎండలో కూడా అక్కడ చేయి ముంచితే చల్లగా జివ్వుమనేది.

అక్కడికి వచ్చినప్పుడల్లా రామాంజినేయులు ఎవరూ చూడకుండా నీళ్ళలో వేళ్ళు ముంచి కళ్ళకు అద్దుకునేవాడు. రాజలక్ష్మి చూసింది. ఒకరోజు పడవ గట్టుకు లాగి తాళ్ళు చుడుతున్నప్పుడు అడిగింది.

"ఆడ ఊరుండాది," అన్నాడు. "గుండ్లకేరి. మా నాయన పుట్టిండేది ఆ ఊళ్ళోనే. డ్యాము కట్టినప్పుడు మునిగిపాయ. పీపా రాయి యాడ ఏసినారో తెల్సునా మీకు? ఊరమ్మ గుడి మీద."

మాస్టరుకు చెప్పలేదా అని అడిగింది. చెబితే నీళ్ళల్లో గుడేందప్పా అంటాడని అతను నవ్వేశాడు. అతనికి నేవీలో చేరాలని ఉంది. ఈ శిబిరం సర్టిఫికెట్టు ఉంటే సెలెక్షన్లో పనికొస్తుందని ఎవరో చెప్పారట. గుడి మాట ఎత్తి మాస్టరుకు చెడ్డ కావడం అతనికి ఇష్టం లేదు.

మరునాడు పొద్దున చూస్తే పీపా ఉండాల్సిన చోట లేదు. పడమరగా చాలా దూరాన తేలుతోంది. గాలికి రాయి జరిగి ఉంటుందని అందరూ అనుకున్నారు. మాస్టరు మాట్లాడకుండా మోటారు పడవ తీసుకుపోయి దాన్ని మళ్ళీ పాత చోటే వేసి వచ్చాడు. గాలి వీచేది పడమటి నుంచి. గాలికి జరిగితే తూర్పుకు కదా పోవాలి అని రాజలక్ష్మికి తట్టింది కాని పైకి అనలేదు.

ఆ తర్వాతి రోజు ఆమెకు పెందలాడే మెలకువ వచ్చింది. పళ్ళపొడి, చెంబు తీసుకొని డేరా వెనక్కి పోయింది. తూర్పు తెల్లబడుతోంది. నీళ్ళు సీసపు రంగులో కదలకుండా ఉన్నాయి. పీపా అప్పటికే జరిగి ఉంది. నిన్న ఎక్కడ దొరికిందో సరిగ్గా అక్కడే. దాని జెండా కర్ర నిటారుగా నిలబడి ఉంది. ఆమె వేలు నోట్లోనే ఆగిపోయింది. అప్పుడే మగపిల్లల డేరాలోంచి రామాంజినేయులు బయటికి వచ్చాడు. భుజాన పొడి తువాలు, తల చెదిరి ఉంది. ఒండ్రుమట్టిలో జాగ్రత్తగా అడుగులు వేసుకుంటూ నీళ్ళ వైపు పోయాడు. అంత పొద్దున ఒక మగపిల్లవాణ్ణి చూస్తూ నిలబడ్డానని తోచి ఆమె గబగబా ముఖం కడుక్కొని లోపలికి వెళ్ళిపోయింది.

పొద్దెక్కాక మాస్టరు అందరినీ వరసలో నిలబెట్టాడు. వారాంతంలో పందెం ఉంది. చూడటానికి పెద్ద ఆఫీసర్లు వస్తారు. ఎవరో పీపాను లాగి ఆట పట్టిస్తున్నారని, వాళ్ళంతట వాళ్ళు చెబితే మంచిదని అన్నాడు. రంగనాథ ముందుకొచ్చి, తాను లేచేసరికి రామాంజినేయులు తడిసిన తలతో నీళ్ళలోంచి వస్తున్నాడని చెప్పాడు. అబద్ధం చెప్పాలని కాదు, చూసింది చెప్పాడు. ఇంకెవరో, వాళ్ళ ఊరు అక్కడే మునిగిందట సార్ అని అందించారు.

మాస్టరు అతని దగ్గరికి వెళ్ళి, అంత పొద్దున నీళ్ళల్లో ఏం పని అని అడిగాడు.

"స్నానానికి పోయింటి సార్."

"పీపా నువ్వే జరిపినావా?"

"నేను కాదు సార్."

రాజలక్ష్మి గొంతులోకి మాట వచ్చింది. అతను పొడి తువాలుతో బయటికి రాకముందే పీపా జరిగి ఉంది, నేను చూశాను. అంతే చెప్పాలి. ఆ మాట అంటే, తెల్లవారకముందే మగపిల్లల డేరా దగ్గర ఎవరు వస్తున్నారో ఎవరు పోతున్నారో నీకెట్లా తెలుసని అడుగుతారు. ఆ ప్రశ్న రేపటికి బళ్ళారి బజారులో ఉంటుంది. ఆమె తాడు ఒరిసి తన అరిచేతిలో కట్టిన కాయ వైపు చూసుకుంటూ నిలబడింది.

మాస్టరు వెళ్ళిపొమ్మనడంతో రామాంజినేయులు బట్టలు సంచిలో పెట్టుకున్నాడు. కూరగాయలు తెచ్చిన వ్యాను హోస్పేటకు తిరిగి పోతుంటే వెనక ఎక్కి కూర్చున్నాడు. పోతూ పోతూ పెద్ద తెరచాప తాడును ఎవరో చిందరవందరగా పడేసి ఉంటే చుట్టలుగా చుట్టి కొక్కేనికి తగిలించి పోయాడు.

మాస్టరు పీపాకు ఇంకా బరువైన రాయి కట్టి వేసి వచ్చాడు. ఆ మధ్యాహ్నం ముగ్గురూ పడవ దింపారు. పెద్ద తాడు యంకమ్మకు ఇచ్చారు. రంగనాథ "రెడీయా?" అన్నాడు. రాజలక్ష్మి పలికింది. యంకమ్మ పలికింది. రంగనాథ ఇంకా ఎదురుచూస్తున్నాడు. అలవాటైన చెవికి మూడో మాట కావాలి. ఆ ఒక్క క్షణం ఆగడంతో గాలి తప్పిపోయి, పడవ ముక్కు తిరగకుండా తెరచాపలు పటపటా కొట్టుకున్నాయి. మళ్ళీ ప్రయత్నించారు. మళ్ళీ అంతే. రంగనాథ తనమీద తనే చిరాకు పడ్డాడు. చివరికి వంకరటింకరగా పీపా దగ్గరికి చేరారు.

గాలి పడిపోయింది. ఈసారి కొంచెం కాదు, పూర్తిగా. తెరచాపలు తడిబట్టల్లా వేలాడాయి. దూరాన గట్టు మీద తుమ్మచెట్లు ఊగుతూనే ఉన్నాయి. వాటి చప్పుడు మాత్రం ఇక్కడికి రావడం లేదు. యంకమ్మ డబ్బాలోంచి ఒక్కొక్క చుక్క పడవ అడుగున పడటం వినిపిస్తోంది.

"సుమ్నె, కదలకుండా కూర్చుందాం," అన్నాడు రంగనాథ. "గాలి వస్తుందిలే."

పీపా వాళ్ళకు రెండు బారల దూరంలో ఉంది. మొదట దాని జెండా కర్ర కొంచెం వెనక్కి వాలింది. తర్వాత పీపా కదిలింది.

దాని వెనక అల లేవలేదు. నురగ లేదు. పలుపు పట్టుకుని ఎవరో ముందు నడుస్తుంటే వెనక పోయే దూడలాగా, తాడు ముందుకు బిగుసుకుని, తొందర లేకుండా పోయింది. పడమరగా, ఏటికి ఎదురుగా. కొంత దూరం పోయి ఆగింది. ఎడమకు తిరిగింది. వంపుగా తిరగలేదు, గోడ మూల మీద మనిషి తిరిగినట్టు తిరిగింది. మళ్ళీ కొంత దూరం. ఈసారి చాలాసేపు ఆగింది. అక్కడ ఆగిన చోటే చిన్నగా పైకీ కిందికీ ఊగింది, ఎవరితోనో మాట్లాడుతున్న మనిషి చేతిలోని సంచిలా. తర్వాత కుడికి తిరిగి, తిన్నగా పోయి, నిన్నా మొన్నా ఎక్కడ కనబడిందో అక్కడికి చేరి నిలబడింది. కర్ర నిటారుగా లేచింది.

రంగనాథ చేయి చుక్కాని పిడి మీంచి జారిపోయింది. అప్పుడు పడవ కింద చప్పుడైంది. పడవ ఒరగకుండా అడుగున దించే పలక దేనికో తగిలింది. గట్టిగా కాదు. ఇంటి తలుపు మీద వేలి కణుపుతో తట్టినంత. కాస్త ఆగి మళ్ళీ ఒకసారి.

యంకమ్మ డబ్బాను గుండెకు హత్తుకుంది. "పలక ఎత్తు రంగనాథా," అంది, పక్కన ఎవరో నిద్రపోతున్నట్టు గొంతు తగ్గించి. రంగనాథ కదల్లేదు. రాజలక్ష్మే వంగి రెండు చేతులా పలకను పైకి లాగింది. దాని కొసకు నీళ్ళపాచి లేదు. తెల్లగా, పొడి సున్నంలాంటిదేదో అంటుకొని ఉంది. ఆమె దాన్ని తుడవడానికి వేలు చాపి, తాకకుండానే వెనక్కి తీసుకుంది.

ఆ వెంటనే గాలి వచ్చింది, ఏమీ జరగనట్టు. గట్టుకు చేరి దిగగానే రంగనాథ నీళ్ళ తొట్టి దగ్గర కూర్చొని ముఖం కడుక్కున్నాడు. కడుక్కుంటూనే ఉన్నాడు.

మాస్టరు డేరా నీడలో చిరిగిన తెరచాప కుడుతున్నాడు. అరిచేతికి తోలుపట్టీ వేసుకొని, లావుపాటి సూదిని దానితో నెట్టి, మైనం రాసిన దారం లాగుతున్నాడు. రాజలక్ష్మి ఎదురుగా నిలబడి మొదట తెల్లవారుజామున తాను చూసింది చెప్పింది. పీపా జరిగి ఉండటం, ఆ తర్వాతే రామాంజినేయులు పొడి తువాలుతో బయటికి రావడం. ఎందుకు చూశానో కూడా అడగకుండానే చెప్పింది. చెప్పాక అది పెద్ద మాటే కాదనిపించింది. తర్వాత ఆ మధ్యాహ్నం జరిగింది చెప్పడం మొదలుపెట్టింది. రంగనాథ, యంకమ్మ వచ్చి వెనక నిలబడ్డారు.

మాస్టరు సూది ఆపలేదు. "మొదట ఎడమకు తిరిగింది, గదా?" అన్నాడు.

ఆమె ఇంకా ఆ సంగతి చెప్పలేదు. పడమరకు పోయిందని మాత్రమే చెప్పింది.

ఆయనకు ఇదంతా ముందే తెలుసని అప్పుడు ఆమెకు అర్థమైంది. ఆమె ముఖం చూసి ఆయనకూ అర్థమైంది. సూదిని బట్టలో గుచ్చి వదిలేసి, తోలుపట్టీ విప్పుకుంటూ తల వంచుకొని చెప్పాడు. శిబిరం మొదలైన ఏడాది నుంచీ ఇదే. నీళ్ళు తగ్గిన దినాల్లో పీపా అక్కడ ఉండదు. మొదటి ఏడు, ఉన్నది ఉన్నట్టు పై ఆఫీసుకు రాశాడు. లంగరు వేయడం కూడా రాని మనిషిని ఎవరు పెట్టుకున్నారని జవాబు వచ్చింది. మరుసటి ఏడు చేపలు పట్టే ఒకతను లాగుతున్నాడని రాశాడు. ఎవరూ ఏమీ అడగలేదు. అప్పటినుంచి ఏటా ఒక మనిషి పేరు దొరుకుతూ వచ్చింది.

వేరే చోట వేయవచ్చు కదా అని యంకమ్మ అడిగింది. ఆఫీసువాళ్ళు కూర్చునే చోటికి ఎదురుగా లోతు సరిపడేది అదొక్కటే, మ్యాపులో గుర్తు పెట్టి ఇచ్చారు అన్నాడు.

"ఆ పిల్లోనిది ఏం తప్పు లేదని మీకు తెల్సు సార్," అంది రాజలక్ష్మి.

రంగనాథ ముందుకొచ్చాడు. వాడు లేకుండా పందేనికి తమ పడవ దిగదని చెప్పాడు. షామియానాలు పంపినవాడి కొడుకు పడవ గట్టు మీద బోర్లించి ఉంటే వచ్చిన ఆఫీసర్లు ఎందుకని అడుగుతారని మాస్టరుకు తెలుసు. ఆయన మళ్ళీ సూది చేతిలోకి తీసుకున్నాడు.

"పోయి పిల్చుకొని రాండి," అన్నాడు చివరికి. "నేను పంపించినానని మాత్రం చెప్పాకండి."

మరునాడు పొద్దున్నే ముగ్గురూ బళ్ళారి బస్సెక్కి, అక్కడ దిగి కప్పగల్లు బస్సు పట్టుకున్నారు. బస్‌స్టాండులో నాన్న అంగడికి వచ్చే ఒకాయన రాజలక్ష్మిని, పక్కనున్న రంగనాథనూ మార్చి మార్చి చూశాడు. ఆమె నమస్కారం పెట్టి, శిబిరం పని మీద కప్పగల్లు పోతున్నామని తనే చెప్పింది.

రామాంజినేయులు ఇంటి ముందు అతని అవ్వ మారమ్మ విత్తనానికి వేరుశనగ కాయలు ఒలుస్తోంది. ఊరందరికీ అదే పని ఆ రోజుల్లో. రాయి మీద కాయ పెట్టి బొటనవేలితో నొక్కి, గింజ పగలకుండా చేటలోకి జార్చేది. మనవడు తోడు కూర్చొని పొట్టు చెరుగుతున్నాడు. వాళ్ళను చూసి లేచి నిలబడ్డాడు. రంగనాథ తాను పొరపాటుగా అనుకున్నానని, రమ్మని అన్నాడు. రాజలక్ష్మి తాను చూసి కూడా నోరు మూసుకున్నానని చెప్పింది. ఆ ముక్క చెప్పేటప్పుడు అతని ముఖం చూడలేకపోయింది.

అతను పొట్టు దులుపుకున్నాడు.

"నన్ను అంత మంచోన్ని చేయాకండి," అన్నాడు. "ఆ పొద్దు నేను పీపా జరపడానికే పోయింటి. అమ్మోరి నెత్తిన రాయి ఉంటే చూడల్యాకపోతి. ఈదుకుంటా గుడి కాడికి పోయినా. పోతే అది ఆడ లేదు. నాకంటే ముందర ఎవురో తీసినారు."

అవ్వ చేటలోంచి తలెత్తకుండానే, అది ఏ దోవన పోయిందో చెప్పమని అడిగింది. రాజలక్ష్మి నేల మీద వేలితో గీసి చూపించింది. ఇక్కణ్ణుంచి ఇలా. ఇక్కడ ఆగింది. ఎడమకు. ఇక్కడ చాలాసేపు నిలబడింది. తర్వాత కుడికి.

అవ్వ కాయలు పక్కన పెట్టి ముందుకు వంగి ఆ గీతలను చూసింది. వేలు పెట్టి ఒక్కొక్క చోటా తాకింది. ఇది గుడి ముంగిలి అంది. ఇది కుమ్మరోళ్ళ ఈది. ఇది చేదబాయి, నీళ్ళకొచ్చిన ఆడోళ్ళు ఈడనే నిలబడి మాట్లాడుకునేది. ఇది మా సందు. సందు తుదకి పొలిమేర. ఊళ్ళోకి రాకూడనిది వస్తే అమ్మోరి ముందర నుంచి ఈ దోవనే సాగనంపి పొలిమేర దాటిస్తాండిరి. అంతా మామూలుగా, ఇంటి దారి చెప్పినట్టు చెప్పింది.

"ఎవరు సాగనంపుతారవ్వా?" అంది రాజలక్ష్మి. "ఊరు ఖాళీ చేసి అందరూ వచ్చేసినారు గదా."

"మేము వచ్చేస్తిమి," అంది మారమ్మ. మళ్ళీ ఒక కాయ రాయి మీద పెట్టుకుంది. "అందురూ వచ్చేసినారని ఎవురు చెప్పిరి కూతురా?"

ఎండ నెత్తిన మాడుతోంది. అయినా యంకమ్మ పైట భుజాల చుట్టూ కప్పుకుంది. రామాంజినేయులు లోపలికి పోయి సంచి తెచ్చుకున్నాడు. బయల్దేరే ముందు అవ్వ అతన్ని పక్కన కూర్చోబెట్టుకొని, రాజలక్ష్మి గీసిన గీతలకు ఇంకా కొన్ని చేర్చి చాలాసేపు ఏదో చెప్పింది. అతను ఊఁ కొడుతూ విన్నాడు.

పందెం నాడు ఆఫీసర్లు షామియానా కింద కూర్చున్నారు. పీపాకు రెండు రాళ్ళు కట్టి పాత చోటే వేశారు. రామాంజినేయులు పడవ ఎక్కుతుంటే మాస్టరు చూసీ చూడనట్టు జెండా సరిచేసుకున్నాడు. రంగనాథ మాత్రం వెనక కూర్చోలేదు. పెద్ద తాడు చేతికి చుట్టుకొని మధ్యన కూర్చున్నాడు. చుక్కాని పిడి ఖాళీగా ఉంది. రామాంజినేయులు ఒక్క క్షణం నిలబడి, పోయి దాన్ని పట్టుకున్నాడు.

ఈల మోగింది. మిగతా రెండు పడవలు పీపా వైపు తిన్నగా దూసుకుపోయాయి. రామాంజినేయులు తిన్నగా పోలేదు. పడమరగా చుట్టు తిప్పి, ఉత్త నీళ్ళల్లో ఎక్కడో ఒకచోట ముక్కు మళ్ళించాడు. గట్టు మీద ఎవరో నవ్వారు. అతని పెదవులు కదులుతున్నాయి. రాజలక్ష్మికి ముందు తెరచాప దగ్గరికి మాటలు వినిపించలేదు కాని, లెక్క పెట్టుకుంటున్నట్టు లేదు. దారిలో కనిపించిన వాళ్ళను పలకరిస్తున్నట్టుంది.

ముందుపోయిన రెండు పడవలూ పీపాకు కాస్త ఇవతల ఒక్కసారిగా నిలిచిపోయాయి. వాటి తెరచాపలు మేకుకు తగిలించిన బట్టల్లా వేలాడాయి. వాటిలోని పిల్లలు చేతులనే తెడ్లు చేసి నీళ్ళు తోస్తున్నారు. పడవలు అంగుళం కదల్లేదు. వీళ్ళ పడవకు మాత్రం గాలి ఉంది. పెద్ద గాలి కాదు. సందులో నడిచేవాడికి తగిలేంత. నూనె పోసినట్టున్న నీళ్ళ మధ్య సన్నగా ఒక్క దారి మేర అలలు కదులుతున్నాయి. రామాంజినేయులు పడవను ఆ దారి దాటనివ్వలేదు. కింద పలకకు ఏదీ తగల్లేదు. ఎడమకు తిప్పాడు. కొంత దూరం పోయి కుడికి. పీపా పక్కనుంచి దాన్ని తాకకుండా చుట్టి, గుడి ముంగిలికి వీపు చూపకుండా పడవను ఓరగా వెనక్కి తీసుకున్నాడు.

ఆ పూట గట్టుకు చేరింది వాళ్ళ పడవొక్కటే. మిగతా రెంటినీ సాయంత్రం మోటారు పడవ పోయి లాక్కొచ్చింది. రామాంజినేయులు సర్టిఫికెట్టు మీద మాస్టరు అందరికంటే ముందు సంతకం పెట్టాడు, తల ఎత్తకుండా. మరుసటేడు శిబిరానికి ఆయన రాలేదని, పీపాను వేరే చోట వేశారని తర్వాత తెలిసింది.

అవన్నీ తర్వాతి సంగతులు. ఆ మధ్యాహ్నం వెనక్కి వస్తున్నప్పుడు నలుగురిలో ఎవరికీ గెలుపు మాట గుర్తు లేదు. అవ్వ చెప్పిన సందు మలుపు తిరిగాక రంగనాథ తాడును కొంచెం వదులు చేశాడు. నీళ్ళ వైపు చూడకుండా, గొంతు బాగా తగ్గించి అడిగాడు.

"ఇప్పుడు ఎవురింటి ముందర ఉండామప్పా?"

రామాంజినేయులు పిడిని తోసి పడవ ముక్కును మెల్లగా గాలి వైపు తిప్పాడు. తెరచాప సడలింది. పడవ నెమ్మదించి, ఎవరో పిలుస్తారేమోనని చూసే మనిషిలా, అక్కడ కాసేపు ఆగింది.